మందను నడిపే విద్య: గుర్రం, నాలుగు చక్రాల బండి, చిన్న ట్రక్కు



సాయంత్రం పూట మన ఊళ్ళలో తరచు కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. చెరువు గట్టు నుంచి గేదెలు ఇంటిదారి పడతాయి. వెనుక మోటారు సైకిలు మీద ఇంటి కుర్రవాడు వస్తుంటాడు. పాలకేంద్రం వేళ దాటిపోతుందేమోనన్న తొందరలో హారను మోగిస్తాడు. బండిని గొడ్డు తోకదాకా తెస్తాడు. గేదెలు పరుగందుకుంటాయి. పది నిమిషాలు కలిసివచ్చాయని అనుకుంటాం. తీరా చెంబు పట్టుకుని కూర్చుంటే గేదె చేపదు. దూడను విడిచినా, దాణా పెట్టినా, పొదుగు తడిమినా పావుగంట గడిచిపోతుంది. పది నిమిషాలు అప్పు తెచ్చి పావుగంట తీర్చినట్లవుతుంది. పైగా ఆ పూట పాలూ తగ్గుతాయి.

ఈ చిక్కు మనకు ఒక్కరికే కాదు. వేలాది పశువులను బయళ్ళలో మేపే దేశాలలోనూ ఉన్నది. మంద దగ్గరకు గుర్రం మీద వెళ్ళాలా, యంత్రం మీద వెళ్ళాలా, చిన్న ట్రక్కులో వెళ్ళాలా అన్న చర్చ అక్కడ చాలా ఏళ్ళుగా సాగుతున్నది. అందులో డబ్బు లెక్క ఉన్నది, పశువు సుఖం ఉన్నది, మనిషి ప్రాణం కూడా ఉన్నది. రెండు గేదెలున్న కొట్టానికి సైతం పనికివచ్చే విషయం అందులో ఏమున్నదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రాంచ్ అంటే ఏమిటి?

అమెరికా పడమటి రాష్ట్రాలలో విశాలమైన పశుక్షేత్రాన్ని రాంచ్ అంటారు. టెక్సాస్ రాష్ట్రంలో 1853లో మొదలైన కింగ్ రాంచ్ విస్తీర్ణం 8 లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. మన మండలాలు పదికి పైగా అందులో ఇముడుతాయి. ఇది చాలా పెద్దది. మామూలు రాంచ్‌లు ఇంతకంటే బాగా చిన్నవే అయినా, ఏ రాంచ్‌లోనూ పశువును పలుపుతో కట్టరు. కంచెలోపల విడిచిపెడతారు. ఇవి పాల పశువులు కావు. దూడలను పెంచి మాంసానికి అమ్మే మందలు.

అక్కడి మనిషికి రోజూ ఉండే పనులు ఇవి: మందను లెక్కపెట్టడం, తెగిన కంచె తీగను కట్టడం, నీటి తొట్లు చూడడం, ఈనడానికి ఇబ్బంది పడుతున్న ఆవును కనిపెట్టడం, జబ్బుపడిన దూడను వేరుచేయడం, ఎండాకాలంలోనూ మంచుకాలంలోనూ మేత చేరవేయడం, టీకాల వేళకు మందనంతా దొడ్డికి తోలుకురావడం. ఇన్ని పనులకు కాలినడక చాలదు. మనిషికి మరొక జత కాళ్ళు కావాలి. ఆ కాళ్ళు ఏవి అన్నదే ప్రశ్న.

గుర్రం

మొదటి జవాబు గుర్రం. 1867లో కాన్సస్ రాష్ట్రంలోని ఆబిలీన్ రైలుస్టేషను పశువుల రవాణాకు సిద్ధమైన తరువాత, టెక్సాస్ నుంచి అక్కడిదాకా వందల మైళ్ళు మందలను నడిపించి తీసుకువెళ్ళేవారు. రెండు మూడు వేల పశువులున్న మందను పది పన్నెండు మంది మనుషులు నడిపేవారు. ఒక్కొక్కరికి మార్చి మార్చి ఎక్కడానికి ఆరేడు గుర్రాలైనా ఉండేవి.

ఇక్కడ గమనించవలసిన అంకె ఒకటున్నది. ఆ మందలు రోజుకు నడిచింది 10 నుంచి 15 మైళ్ళు మాత్రమే. గుర్రం అంతకు రెట్టింపు దూరం సులువుగా పోగలదు. అయినా వారు తొందరపెట్టలేదు. పరుగెత్తించిన పశువు ఒళ్ళు తీస్తుంది. దారిలో మేస్తూ నింపాదిగా నడిచిన పశువు కండతో సంతకు చేరుతుంది. కొనేవాడు ఇచ్చే ధర ఆ కండకే. కాబట్టి కౌబాయ్ అంటే సినిమాలో చూపినట్లు ఎప్పుడూ దౌడు తీసేవాడు కాదు. అతని పనిలో ఎక్కువ భాగం నెమ్మదిగా వెంట నడవడమే.

అమెరికా పశుక్షేత్రాలలో పేరుపడిన గుర్రపు జాతి క్వార్టర్ హార్స్. పావు మైలు పందెంలో మహావేగంగా పరుగెత్తడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఈ జాతి వివరాలు నమోదుచేసే సంఘం 1940లో ఏర్పడింది. ఈ గుర్రాలలో మేలైనవాటికి పశువు మనసు తెలుస్తుందంటారు. ఆవు ఎటు మళ్ళబోతున్నదో అది ముందే పసికట్టి దారి కాస్తుంది. రౌతు కళ్ళెం కదపవలసిన పని కూడా ఉండదు.

గుర్రం వల్ల లాభాలు స్పష్టమే. వాగు, గుట్ట, తుప్ప, బురద అన్నీ దాటుతుంది. చప్పుడు చేయదు. ఎత్తు మీద కూర్చున్న మనిషికి మంద అంతా కనిపిస్తుంది. దానికి కళ్ళున్నాయి, ప్రాణభయం ఉన్నది. గొయ్యి కనిపిస్తే ఆగుతుంది, చీకట్లోనూ ఇంటిదారి పడుతుంది.

నష్టాలూ ఉన్నాయి. 450 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 9 కిలోల ఎండుమేత కావాలి. పని లేని రోజు కూడా తింటుంది. లాడాలు కొట్టించాలి, మచ్చిక చేయాలి, పని నేర్పాలి. మంచి పనిగుర్రం తయారుకావడానికి ఏళ్ళు పడుతుంది. గుర్రం మీదినుంచి పడి దెబ్బలు తిన్నవారూ, తాపు తిన్నవారూ తక్కువేమీ కాదు.

మన ఒంగోలు సంతతి, బ్రెజిల్ రౌతులు

గుర్రానికి బదులు మరేదీ పనికిరాని చోటు ఎలా ఉంటుందో చూడాలంటే బ్రెజిల్ వెళ్ళాలి. అక్కడి మందలతో మనకు చుట్టరికం కూడా ఉన్నది.

బ్రెజిల్‌లో పశువుల సంఖ్య 20 కోట్లకు మించింది. వాటిలో అత్యధిక భాగం నెలోర్ జాతి, దాని సంకరాలు. నెలోర్ అంటే మన నెల్లూరే. పంతొమ్మిదో శతాబ్దంలో మన కోస్తా నుంచి ఓడలెక్కిన ఒంగోలు పశువుల సంతతి అది. 1960ల మొదట్లో అక్కడికి చేరి పేరుమోసిన ఆబోతును నేటికీ కర్వాడి అని పిలుచుకుంటారు. అది ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు. తెల్లని ఒళ్ళు, మూపురం, వేలాడే గంగడోలు చూస్తే మన పొలంలోని గిత్తే గుర్తుకు వస్తుంది.

ఆ దేశంలో పంతనాల్ అనే మహా చిత్తడి నేల ఉన్నది. ఏటా వరద వచ్చినప్పుడు మందలను మెరకకు, నీరు తీసిన తరువాత మళ్ళీ పల్లానికి మార్చాలి. నడుములోతు నీటిలో చక్రం తిరగదు. కాబట్టి అక్కడ ఇప్పటికీ గుర్రాలు, కంచరగాడిదలే ఆధారం.

వారు మందను నడిపే పద్ధతి తెలుసుకోదగినది. మందకు ముందు ఒక రౌతు నడుస్తాడు. అతని చేతిలో ఎద్దుకొమ్ములతో చేసిన పొడవాటి కొమ్ముబూర ఉంటుంది. దానిని బెర్రాంతి అంటారు. దాని నాదం వినిపించగానే మంద అతని వెంట కదులుతుంది. ఇరుపక్కల కొందరు, వెనుక కొందరు నడుస్తారు. వెనుకవారి పని తరమడం కాదు. వెనుకబడిన దూడను, కుంటుతున్న గొడ్డును కనిపెట్టి ఉండడం. మన పశులకాపరి ముందు నడుస్తూ కూత పెడితే మంద వెంట రావడం మన పెద్దలకు కొత్త కాదు. తరిమితే పోయే పశువు కంటే పిలిస్తే వచ్చే పశువుతో పని సులువు.

నాలుగు చక్రాల బండి

ఇక యంత్రం మాట. 1970లో జపాన్ కంపెనీ హోండా, బుడగల్లాంటి లావాటి టైర్లున్న మూడు చక్రాల బండిని అమెరికా విపణిలో పెట్టింది. మొదట సరదాకు కొన్నారు. తరువాత అది పొలంలోకి వచ్చింది. 1982లో సుజుకి కంపెనీ నాలుగు చక్రాల బండిని తెచ్చింది. దీనిని ఏటీవీ అనీ, క్వాడ్ బైకు అనీ అంటారు. ఏ నేల మీదనైనా పోయే బండి అని అర్థం. మోటారు సైకిలుకు ఉన్నట్లే చేతితో తిప్పే హాండిల్, దాటువేసి కూర్చునే సీటు ఉంటాయి.

రైతుకు ఇది నచ్చడంలో వింత లేదు. తాళంచెవి తిప్పితే కదులుతుంది. పని లేని రోజు తినదు. కంచె సామాను, ఉప్పు దిమ్మ, అప్పుడే పుట్టిన దూడ, మందు చల్లే డబ్బా దేనినైనా మోస్తుంది. న్యూజిలాండ్ పాల రైతులు ఉదయం, సాయంత్రం ఆవులను పితికే పాకకు తోలుకురావడానికి దీనినే వాడుతూ వచ్చారు. మనిషి జీతం మిగిలింది, వేళ మిగిలింది.

కాని ఈ బండికి ఒక పెద్ద దోషం ఉన్నది. ఇది ఇరుకైనది, బరువు పైకి ఉండేది. సుమారు 300 కిలోల బండి వాలు మీద పక్కకు ఒరిగితే, మీద కూర్చున్న మనిషి దాని కింద పడతాడు. ఎముక విరగకపోయినా ఛాతీ మీద బరువు నిలిచి ఊపిరి ఆడక చనిపోయినవారు ఎందరో ఉన్నారు. రాంచ్ పని ఒంటరి పని. కేక వేసినా వినేవారుండరు. మందు డబ్బాలో నీరు అటూ ఇటూ ఊగితే బండి ఇంకా త్వరగా ఒరుగుతుంది. మళ్ళిన ఆవును అందుకోవాలని చూపు ఆవు మీద పెట్టి గబుక్కున హాండిల్ తిప్పిన క్షణమే చాలా ప్రమాదకరమైనది. గుర్రమైతే గొయ్యి చూసి ఆగుతుంది. యంత్రానికి మనిషి కళ్ళు తప్ప వేరే కళ్ళు లేవు.

మూడు చక్రాల బండ్ల ప్రమాదాలు మితిమీరడంతో 1988లో ప్రభుత్వానికి, కంపెనీలకు జరిగిన ఒప్పందం వల్ల అమెరికాలో వాటి కొత్త అమ్మకాలు ఆగిపోయాయి. నాలుగు చక్రాల బండ్లు కూడా ప్రాణాలు తీస్తూనే వచ్చాయి. ఆస్ట్రేలియాలో పొలాలలో జరిగే మరణాలకు ఇవి ముఖ్య కారణాలలో ఒకటయ్యాయి. చనిపోయినవారిలో పిల్లలూ ఉన్నారు. ఆ దేశ ప్రభుత్వం 2019లో భద్రతా ప్రమాణం ప్రకటించింది. 2021 అక్టోబరు 11 నుంచి పొలం పనికి అమ్మే ప్రతి కొత్త క్వాడ్ బైకుకూ సీటు వెనుక రక్షణ చట్రం తప్పనిసరి అయింది. బండి తిరగబడినా కింద మనిషికి కొంత చోటు మిగలాలన్నది దాని ఉద్దేశం. ఈ షరతు ఒప్పుకోలేక కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ ఆ బండ్లు అమ్మడమే మానుకున్నాయి. నలభై ఏళ్ళపాటు, సౌకర్యంగా ఉన్నదని, రైతులు ప్రాణం పందెం పెట్టి నడిపిన బండి అది.

చిన్న ట్రక్కు

మూడవది చిన్న ట్రక్కు. ఇందులో రెండు రకాలు చెప్పుకోవాలి. ఒకటి, పక్కపక్కన ఇద్దరు కూర్చుని స్టీరింగు తిప్పుతూ నడిపే పొలం బండి. 1988లో కవాసాకి కంపెనీ ఇలాంటి బండి తెచ్చి దానికి మ్యూల్, అంటే కంచరగాడిద అని పేరు పెట్టింది.  ఈ రకం బండ్లకు తల చుట్టూ ఇనుప చట్రం, నడుముకు పట్టీ ఉంటాయి. పట్టీ పెట్టుకున్నవాడు బండి ఒరిగినా చట్రంలోపలే ఉంటాడు.

రెండవది, జపాన్‌లో కేయి అనే తరగతికి చెందిన బుల్లి ట్రక్కు. దాని ఇంజను 660 సి.సి. మించరాదు, అది మోసే సరుకు బరువు 350 కిలోలు మించరాదు అని అక్కడి నియమం. 25 ఏళ్ళు దాటిన ఇలాంటి పాత ట్రక్కులను అమెరికా రైతులు దిగుమతి చేసుకుని రాంచ్ పనికి వాడుతున్నారు. తక్కువ ఆయిలు తాగుతుంది, వాన పడినా తడవనివ్వదు, నాలుగు చక్రాలూ లాగే రకమైతే బురదలోనూ పోతుంది. మన దేశంలో 2005లో వచ్చి, చిన్న ఏనుగు అని జనం ముద్దుపేరు పెట్టుకున్న టాటా ఏస్ దీనికి దూరపు బంధువే.

ట్రక్కు తుప్పల్లో దూరలేదు. మళ్ళిన పశువును అందుకోలేదు. కాని దానికి వేరొక బలం ఉన్నది. మంచుకాలంలో అమెరికా రైతు దాణా దిమ్మలు ట్రక్కులో వేసుకుని బయలులోకి వెళ్ళి హారను మోగిస్తాడు. కొన్నాళ్ళకు ఆ హారను వినగానే మంద తనంతట తానే పరుగున వస్తుంది. దొడ్డికి చేర్చవలసిన రోజున ట్రక్కు ముందు నడిస్తే చాలు, మంద వెంట వస్తుంది. బ్రెజిల్ రౌతు కొమ్ముబూరకు, ఈ హారనుకు తేడా ఏమున్నది? అదే హారను మన కుర్రవాడు గేదె తోక దగ్గర మోగిస్తే అది బెదిరింపు. మేతతో ముందు నిలిచి మోగిస్తే అది పిలుపు.

ఏ పనికి ఏది?

అనుభవజ్ఞులైన రైతులు మూడింటిలో ఒకటే మంచిదని చెప్పరు. పనినిబట్టి ఎంచుకుంటారు.

1. గుట్టలు, తుప్పలు, చిత్తడి నేలలు ఉన్నచోట, మందలోనుంచి ఒక పశువును వేరుచేయవలసినప్పుడు గుర్రం మేలు.

2. చదునైన బయలులో కంచె చూడడానికి, తేలిక సామాను చేరవేయడానికి క్వాడ్ బైకు చాలు. అయితే రక్షణ చట్రం, తలకు శిరస్త్రాణం ఉండాలి. ఒక్కరే ఎక్కాలి, పిల్లలను ఎక్కించరాదు.

3. మేత, నీరు, బరువైన సామాను మోయడానికి, మందను వెంట రప్పించడానికి చిన్న ట్రక్కు మేలు.

ఏది ఎక్కినా మంద సరిగా నడవడం, చెదరడం ఆ వాహనం చేతిలో లేదు. మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఎంత వేగంగా దగ్గరకు వచ్చాడు అన్నదే ముఖ్యం. ఈ పాఠానికి కీలకం ఇదే. దీనిని వివరంగా చూద్దాం.

పశువు దృష్టిలో మనిషి

అమెరికాలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యురాలు టెంపుల్ గ్రాండిన్ పశువుల నడవడిని ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పిన మూడు విషయాలు ప్రతి పాడి రైతూ తెలుసుకోవాలి.

మొదటిది, బెదురు దూరం. ప్రతి పశువు చుట్టూ ఒక కంటికి కనిపించని గిరి ఉంటుంది. మనం గిరి బయట ఉంటే అది మనవైపు చూస్తుంది. గిరిలో అడుగు పెడితే కదులుతుంది. మరీ లోపలికి చొరబడితే బెదిరి పరుగెత్తుతుంది, లేదా మన మీదికి తిరుగుతుంది. కొండల్లో విడిగా తిరిగే పశువుకు ఈ దూరం 30 మీటర్ల వరకు ఉండవచ్చు. మన చేతితో మేత తినే గేదెకు దాదాపు సున్నా. అందుకే మచ్చికైన పశువును వెనుకనుంచి తోలడం కంటే ముందునుంచి పిలవడం సులువు.

రెండవది, భుజం గీత. పశువు భుజం వద్ద ఒక అడ్డగీత ఉన్నదనుకోండి. దానికి వెనుకగా పక్కన నిలిస్తే పశువు ముందుకు నడుస్తుంది. గీత దాటి తలవైపు వస్తే ఆగుతుంది, లేదా వెనుకకు మళ్ళుతుంది. చాలామంది మెడ దగ్గర నిలబడి తోక మీద కర్రతో కొడతారు. పశువుకు ఒకేసారి ఆగుమనీ, పొమ్మనీ చెప్పినట్లవుతుంది. అది మొండికేసిందని తిడతాం.

మూడవది, గుడ్డిచోటు. పశువు కళ్ళు తలకు ఇరుపక్కల ఉండడం వల్ల అది 300 డిగ్రీలకు పైగా చూడగలదు. సరిగ్గా వెనుక భాగం మాత్రం కనిపించదు. కనిపించని చోటునుంచి ఇంజను చప్పుడు వస్తే అది తిరిగి చూడాలని ఆగుతుంది, లేదా తన్నుతుంది, లేదా పారిపోతుంది. అందుచేత నేరుగా వెనుక రాకూడదు. కొంచెం పక్కగా, దాని కంటికి కనిపిస్తూ రావాలి.

ఇవన్నీ మన పాత పశులకాపరులకు పుస్తకం చదవకుండానే తెలుసు. వారు కర్ర ఎత్తడమే తప్ప కొట్టడం అరుదు. ఒక అడుగు ముందుకు వేసి, పశువు కదలగానే ఒక అడుగు వెనుకకు తగ్గుతారు. మాట విన్న పశువుకు ఆ తగ్గడమే బహుమానం.

తొందర ఖరీదు: పాలు, గిట్టలు

తొందరపెడితే నష్టమేమిటో కొలిచి చూసినవారున్నారు. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రజ్ఞులు పాలు పితికే సమయంలో ఆవును కావాలని బెదరగొట్టారు. వీపు మీద పిల్లిని పెట్టారు, కాగితపు సంచులు ఊది పేల్చారు. ఆవు పాలు ఎగచేపింది. పాలు పొదుగులో ఉన్నాయి కాని దిగలేదు. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ అనే పదార్థం పశువు మెదడునుంచి రక్తంలోకి రావాలి. భయపడినప్పుడు అడ్రినలిన్ అనే మరొక పదార్థం పుట్టి దాని పనిని అడ్డుకుంటుందని వారు వివరించారు.

గేదె విషయంలో ఇది మరింత ముఖ్యం. గేదె పొదుగులో చాలా భాగం పాలు పైనున్న సూక్ష్మమైన తిత్తులలోనే నిలిచి ఉంటాయి. చనుకట్లపై కుహరంలో ముందుగా చేరి ఉండేవి బహు స్వల్పం. కనుక చేపకపోతే గేదెనుంచి దాదాపు ఏమీ రాదు. చివరి పాలలోనే వెన్న ఎక్కువ కాబట్టి, సగం పితికి వదిలిన పూట లీటర్లే కాదు, వెన్న శాతం కూడా పడిపోతుంది. సంఘంలో మనకు డబ్బు వచ్చేది ఆ రెండింటి మీదనే.

రెండవ నష్టం గిట్టలకు. న్యూజిలాండ్‌లోని తరనాకి ప్రాంతంలో పాల ఆవులు ఎందుకు కుంటుతున్నాయని పరిశీలించి 1989లో ఫలితాలు ప్రకటించారు. రెండు కారణాలు ముఖ్యమని తేలింది. ఒకటి, ఆవులు నడిచే దారి బాగుందా లేదా అన్నది. రెండు, తోలుకువచ్చే మనిషి ఓర్పు. తనంతట నడిచే ఆవు తల దించి, ఎక్కడ అడుగు వేయాలో చూసుకుంటూ గంటకు 2 నుంచి 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. వెనుకనుంచి బండి నెడితే ఒకదానినొకటి ఒత్తుకుని తల పైకెత్తుతాయి. కింద రాయి కనిపించదు. అరికాలు నలుగుతుంది. కుంటే ఆవు మేతకు తిరగదు, ఎదకు వచ్చినా తెలియదు, పాలు తగ్గుతుంది. ఒక పూట తొందర ఒక ఈత నష్టానికి దారితీయవచ్చు.

మన ఊరికి అన్వయించుకుందాం

మనకు రాంచ్‌లు లేవు, క్వాడ్ బైకులు లేవు. కాని మోటారు సైకిలు, ట్రాక్టరు, చిన్న ట్రక్కు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. పై పాఠం వీటికి ఇలా వర్తిస్తుంది.

మోటారు సైకిలు: పశువు పగ్గాన్ని బండికి కట్టి గాని, చేతికి చుట్టుకుని గాని నడపరాదు. పశువు బెదిరి పక్కకు లాగితే బండి, మనిషి, గొడ్డు ఒకేచోట పడతాయి. మందను బండితోనే తీసుకురావలసివస్తే పక్కగా, దూరంగా, హారను లేకుండా రావాలి. మంద ఇంటిదారి పట్టే వేళను పావుగంట ముందుకు జరుపుకుంటే తొందర అవసరమే ఉండదు. పాకకు చేరిన తరువాత కొంచెంసేపు నిలకడగా ఉండనిచ్చి, నీళ్ళు పెట్టి, ఆపైన పితకాలి.

ట్రాక్టరు: గడ్డి మోపులు తెచ్చే ట్రాక్టరు మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టే అలవాటు మానాలి. కాలువ గట్టు మీద ఒరిగే ట్రాక్టరు, కొండవాలు మీద ఒరిగే క్వాడ్ బైకు వంటిదే. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసి, బోల్తా మరణాలను బాగా తగ్గించుకున్నది.

చిన్న ట్రక్కు: సంతనుంచి గేదెను తెచ్చేటప్పుడు, వైద్యశాలకు తీసుకువెళ్ళేటప్పుడు ఇదే మన వాహనం. 1978 నాటి పశువుల రవాణా నియమాల ప్రకారం పశువు ప్రయాణానికి తగి ఉన్నదని పశువైద్యుని ధ్రువపత్రం ఉండాలి, మేత, నీరు పెట్టి ఎక్కించాలి, నేల జారకుండా చూడాలి, బండిలో ఇతర సరుకు వేయరాదు, వీలైనంతవరకు పశువు ఇంజనువైపు తిరిగి నిలబడాలి. మోటారు వాహనాల నియమాలలో 2015లో చేర్చిన నిబంధన ప్రకారం ఒక ఆవుకు లేదా గేదెకు 2 చదరపు మీటర్ల తావు ఉండాలి. అంటే సుమారు 21 చదరపు అడుగులు. సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు తొట్టి ఉన్న చిన్న ట్రక్కులో ఒక్క పెద్ద పశువే పడుతుంది. బాడుగ కలిసివస్తుందని రెండు గేదెలను ఇరికించడం చట్టానికీ విరుద్ధం, మన రాబడికీ విరుద్ధం.

ఎక్కించేటప్పుడు తోక మెలిపెట్టడం, ముకుతాడు పట్టి లాగడం, నలుగురు చేరి కేకలు వేయడం మానండి. ట్రక్కు వెనుక భాగాన్ని ఒక గట్టుకు గాని, మట్టిదిబ్బకు గాని ఆనించి నిలిపితే పశువు చదునుగా లోపలికి నడుస్తుంది. తొట్టిలో ఇసుక, దాని మీద గడ్డి పరవండి. లోపల చీకటిగా, బయట ఎండగా ఉంటే నీడగీత చూసి పశువు ఆగుతుంది. దానికి వంగి చూసుకునే వ్యవధి ఇవ్వండి. రోజూ మేపే మనిషి ముందు మేత పట్టుకుని పిలవాలి. మరొకరు భుజం గీతకు కొంచెం వెనుకగా నిలబడితే చాలు. నిండుచూడి పశువును మాత్రం ప్రాణావసరమైతే తప్ప ఎక్కించకండి.

ఒక వారం పరీక్ష

చదివినంత మాత్రాన నమ్మనక్కరలేదు. మీ పాల పుస్తకమే మీకు సాక్ష్యం. ఒక వారం మీ అలవాటు ప్రకారమే పశువులను ఇంటికి తోలండి. ప్రతి పూట పాలు, వెన్న శాతం, గేదె చేపడానికి పట్టిన నిమిషాలు రాసుకోండి. రెండవ వారం మేత, దాణా మార్చకుండా, హారను లేకుండా, కర్ర తాకకుండా, వాటి నడకనే నడిపించండి. మళ్ళీ రాసుకోండి. రెండు వారాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి.

సంఘ సమావేశంలో చర్చించడానికి కొన్ని ప్రశ్నలు:

1. మన ఊరి మేతబీడు నుంచి ఇళ్ళకు వచ్చే దారిలో రాళ్ళు, గాజుపెంకులు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటిని తీయించే బాధ్యత ఎవరు తీసుకుంటారు?

2. పాలకేంద్రం సాయంకాలపు వేళ సభ్యులను తొందరపెట్టేలా ఉన్నదా? ఉంటే కార్యవర్గం ఏమి చేయగలదు?

3. పశువులను ట్రక్కు ఎక్కించడానికి ఊరిలో ఒకచోట మట్టిదిబ్బ, పక్కన రెండు కమ్మీలు ఏర్పాటు చేసుకోగలమా?

4. మన ఇళ్ళలో ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చునే పిల్లలు ఎందరు?

గుర్రమైనా, యంత్రమైనా, ట్రక్కయినా మనిషికి అరువు కాళ్ళు మాత్రమే. పశువును నడిపించేది మన ఓర్పు. ఆ ఓర్పుకు ఖర్చు లేదు. ఫలితం పాలచెంబులోనూ, పశువు గిట్టలోనూ కనిపిస్తుంది. వెళ్ళిన మనిషి కూడా క్షేమంగా ఇంటికి తిరిగివస్తాడు.